తలకట్టు, కొమ్ము, కసిమి: గ్యాలరీ చూసొచ్చాక 12 బొమ్మలు

తిరుపతిలో చిత్రకళ నేర్చుకుంటున్న 12 మంది విద్యార్థులు చెన్నై వెళ్లి ఆధునిక, సమకాలీన చిత్రాలు చూడాలి. ఒక్కొక్కరు ఒక్క చిత్రాన్నే పట్టుకోవాలి. తిరిగొచ్చాక దానికి జవాబుగా తమ బొమ్మ ఒకటి వేయాలి. నకలు తీయడం కాదు, ఆ చిత్రం అడిగినదానికి బదులు చెప్పడం. గడువు 8 వారాలు, అక్టోబరు, నవంబరు నెలలు. ఇక్కడ వానలు పట్టేది అప్పుడే కాబట్టి సగం తంటాలు తడితోనే.

ముందే పెట్టుకున్న నియమం ఒక్కటే: గ్యాలరీ నుంచి ఫోటో కాదు, కొలత తేవాలి. ఫోనులో ఆరడుగుల కాన్వాసూ అరచేతంత కాగితమూ ఒకే సైజు. రంగు ఎంత మందంగా ఉందో కనపడదు. దీపం పసుపుగా ఉంటే ఫోను తనకు తోచినట్టు దిద్దేస్తుంది. అలాంటి ఫోటో ముందు పెట్టుకుని వేసిన బొమ్మ ఆ ఫోటోకి జవాబు అవుతుందేమో గానీ చిత్రానికి కాదు.

1వ వారం: ఊరు కదలకముందు

కసిమి (ఇనుము, బెల్లం పులియబెట్టి చేసే కలంకారీ నల్లరంగు) కుండ పెట్టాం. ఇద్దరు కలంకారీ పద్ధతిలో గుడ్డ మీద వేస్తామన్నారు. శ్రీకాళహస్తి ఇక్కడికి 40 కిలోమీటర్ల లోపే, ఆ పని తెలిసినవాళ్లని అడిగి తెలుసుకోవడం కష్టం కాదు. నల్లరంగు పులవడానికి మూడు వారాలు పడుతుంది గనక ప్రయాణం కంటే ముందే కుండ పెట్టాలి. చాలా ప్రాజెక్టుల్లో ఈ వరస తిరగబడుతుంది, ఆ తర్వాత నల్లరంగు కోసం అందరూ కాచుక్కూర్చుంటారు.

కొలతలు: నీళ్లు 3 లీటర్లు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు 600 గ్రాములు, బెల్లం 150 గ్రాములు, తాటిబెల్లం 150 గ్రాములు. ఇనుముకి నూనె, పెయింటు ఉంటే ముందు మంటలో కాల్చి రుద్దాలి. తళతళలాడే జింకుపూత మేకులు పనికిరావు, పైనున్న జింకు కరుగుతుంది గానీ నలుపు రాదు. బెల్లం పులిసి పులుపెక్కాలి, ఆ పులుపులో ఇనుము కరగాలి. మూతికి గుడ్డ కట్టాలి తప్ప మూత బిగించకూడదు, లోపల గాలి పుడుతుంది. రెండు రోజులకోసారి కర్రతో కలపాలి.

అదే వారం రంగుల కార్డులు తయారయ్యాయి. 300 జీఎస్ఎం (మందపాటి) కార్డు మీద 4×3 సెం.మీ. గళ్లు 30. తెలుపు, లెమన్ యెల్లో, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, క్రిమ్సన్, అల్ట్రామరీన్, ఈ ఆరు ట్యూబులతోనే కలిపిన రంగులు. ఏ గడిలో ఏది ఎన్ని పాళ్లో వెనక రాయాలి, లేకపోతే తిరిగొచ్చాక నంబరు ఉంటుంది, రంగు ఉండదు. అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది, అందుకే నంబర్లు వేసింది మర్నాడు. కార్డు ఇంకో అంచున నల్ల పట్టీలు: 1, 2, 4, 8, 16, 32 మి.మీ. వెడల్పు. ఇవి కుంచె పోటు వెడల్పు చూసుకోవడానికి.

2వ వారం: చెన్నై

పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా బస్సు. శని, ఆదివారాలు పెట్టుకున్నాం. శనివారం గ్రీమ్స్ రోడ్డులో లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం, ఆదివారం ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇంజంబాక్కంలోని చోళమండలం.

చోళమండలం కళాకారుల గ్రామం 1966లో మొదలైంది. పెట్టింది కె.సి.ఎస్. పణిక్కర్, అప్పుడాయన మద్రాసు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు. చిత్రాలు అమ్ముడుపోని రోజుల్లో అక్కడివాళ్లు బాతిక్ (మైనం అడ్డుపెట్టి గుడ్డకి రంగు వేయడం) వంటి చేతిపనులు చేసి ఆ డబ్బుతో బతుకుతూ బొమ్మలు వేశారు. కలంకారీ గుడ్డ తీసుకోవడం “క్రాఫ్టు” అయిపోతుందేమో అని జంకిన ఇద్దరికీ ఇది వినడం మంచిదైంది. అక్కడి మ్యూజియంలో మద్రాసు ఉద్యమం (ఆ ఆర్ట్స్ కాలేజీ చుట్టూ ఎదిగిన ఆధునిక చిత్రకళ) చిత్రకారుల పనులు ఒకచోటే చూడొచ్చు.

పద్ధతి: మొదటి 40 నిమిషాలు చేతిలో ఏమీ లేకుండా తిరగడం. ఆ తర్వాత ఎంచుకున్న చిత్రం ముందు 30 నిమిషాలు. పెన్సిలు మాత్రమే, పెన్ను వద్దు (సిరా జారితే తుడిచే వీలు లేదు). ఫోను సంచిలో. చివరన, అనుమతి ఉన్నచోట, పక్కనున్న లేబులుకి ఒక్క ఫోటో.

రంగు చూసేటప్పుడు ఇద్దరు కావాలి. ఒకరు కార్డుని చిత్రం పక్కన, గోడకి జానెడు దూరంలో, దేన్నీ తాకకుండా పట్టుకోవాలి. రెండోవారు 2 మీటర్లు వెనక్కి నిలబడి చదవాలి. ఒక్కరే కార్డు కంటి ముందు పెట్టుకుని చూస్తే దగ్గరిది పెద్దగా కనిపించి పట్టీల వెడల్పు తప్పుతుంది, కార్డు మీదా చిత్రం మీదా పడే వెలుగూ ఒకటి కాదు. “17 కంటే కాస్త చల్లన, 18 అంత ముదురు కాదు” అని రాసుకుంటే చాలు. కొలత సెంటీమీటర్లలో లేబులు మీదే ఉంటుంది గానీ దాన్ని ఒంటికి అన్వయించాలి: చేతులు చాపితే చిత్రం అంచులు దాటుతాయా, పైఅంచు కంటికి ఎన్ని జానలు పైన, వెడల్పుకి గోడ వెంట ఎన్ని అడుగులు.

ఒక్కొక్కరి షీటులో నాలుగు గళ్లు: పైపొర ఎలా ఉంది (మెరుపు, గరుకు, మందం), ఏ గుర్తు మళ్లీ మళ్లీ వస్తోంది, చూపు ఎక్కడ దిగి ఎక్కడ ఆగుతోంది, వేయకుండా వదిలేసింది ఏమిటి. నాలుగోది నింపడమే కష్టం, సగం షీట్లలో అది ఖాళీగా వచ్చింది. ఖాళీ వదిలినవాళ్లకే తర్వాత స్టూడియోలో పని నడవలేదు.

3వ వారం: ఒక్క ప్రశ్న

షీటు నుంచి ఒక్క ప్రశ్న తీయాలి. “ఈ చిత్రం నాలో శాంతి నింపింది” ప్రశ్న కాదు. “రంగు మందం 5 మి.మీ. ఉన్నచోట నీడ కూడా గీతలా పనిచేస్తోంది, అలాంటి గీతతోనే బొమ్మ నిలుస్తుందా?” అంటే ప్రశ్న. ఆ తర్వాత 7×5 సెం.మీ. చిన్న గీతలు ఒక్కొక్కరు 8 వేయాలి, పెన్సిలుతో, ఒక్కోటి 3 నిమిషాల్లో. మొదటి మూడు ఎప్పుడూ అసలు చిత్రానికి నకలే. ఐదో దాని నుంచి సొంతది మొదలవుతుంది. అందుకే 8, నాలుగు సరిపోవు.

4వ వారం: చట్రాలు, ప్రైమరు

తొమ్మిది మంది కాన్వాసు, ఇద్దరు గుడ్డ, ఒకరు కాగితం. కాన్వాసు చట్రం 75×60 సెం.మీ., చెక్క 2 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం. లోపలి అంచుని 3 మి.మీ. వాలుగా చెక్కించాలి. చెక్కకపోతే కుంచె నొక్కినప్పుడు కాన్వాసు ఆ అంచుకి తగిలి, బొమ్మ చుట్టూ చట్రం గీత అచ్చుపడిపోతుంది. చదరం సరిపోయిందా అని మూల నుంచి మూలకి రెండువైపులా కొలవాలి, రెండూ 96 సెం.మీ. రావాలి. పచ్చి చెక్కతో చేసిన ఒక చట్రం వారంలోనే మెలి తిరిగింది, గోడకి మూడు మూలలే ఆనాయి. దాన్ని సరిచేయడం కుదరదు, మార్చాల్సిందే.

కాన్వాసు గుడ్డ 90×75 సెం.మీ. కత్తిరించి, నాలుగు వైపులా నడిమధ్యలో మొదట స్టేపిల్ కొట్టి, మూలలకి జరుగుతూ పోవాలి. ఒక వైపు పూర్తిచేసి ఇంకో వైపుకి వెళితే ముడతలు ఐమూలగా పడతాయి.

ప్రైమరు (రంగుకి ముందు వేసే అడుగుపూత): వడ్రంగులు వాడే తెల్ల బంక 1 గ్లాసు, నీళ్లు 1 గ్లాసు, జల్లించిన సుద్దపొడి ఒకటిన్నర గ్లాసు, తెల్ల అక్రిలిక్ పావు గ్లాసు. దీనికి ముందు బంక 1 పాలు, నీళ్లు 4 పాళ్లతో ఒక పలచని పూత. తర్వాత ప్రైమరు మూడు పూతలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. పూత పూతకీ 220 నంబరు గరుకు కాగితంతో లైటుగా రుద్దాలి. తెల్లదనం ఎక్కువ వస్తుందని రెండు కాన్వాసులకి సుద్ద మూడు గ్లాసులు కలిపారు. ఆరాక వేలితో రాస్తే పొడి వచ్చింది. రంగు వేయగానే కాన్వాసు తాగేసింది, అల్ట్రామరీన్ బూడిద పూసుకున్నట్టు అయింది. బంక చాలక సుద్ద రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోలేదు. పైన బంక 1, నీళ్లు 3 పాళ్ల పూత రెండుసార్లు వేస్తే వాడకానికి వచ్చింది. ఈ ప్రైమరు నేర్చుకునే పనికే. తెల్ల బంక కాలక్రమాన పసుపు తిరుగుతుంది, అమ్మే బొమ్మకైతే కొన్న గెస్సోయే (తయారుగా దొరికే ప్రైమరు) పూయాలి.

వాన పట్టిన మూడు రోజుల్లో కాన్వాసులన్నీ వదులయ్యాయి. వెనక నీళ్లు చిలకరిస్తే ఆరేటప్పుడు బిగిసింది, మళ్లీ వదులైంది. మూలల్లో చెక్క చీలలు పెట్టుకునే చట్రం చేయించి ఉంటే సుత్తితో రెండు దెబ్బలు సరిపోయేవి. స్క్రూ బిగించిన మూలలకి ఆ వెసులుబాటు లేదు.

5వ వారం: గుణింతం బొమ్మ

ఎక్కువ నేర్పింది ఈ బొమ్మే. విద్యార్థిని ఎంచుకుంది పణిక్కర్ ‘వర్డ్స్ అండ్ సింబల్స్’ వరసలోది. 1963 నుంచి ఆయన వేసిన చిత్రాలివి: చదవడానికి రాని రాతలు, లెక్కల గుర్తులు, జాతకచక్రాల గళ్లు. ఒక విద్యార్థి లెక్కల నోటుబుక్కు చూడటంతో ఈ వరస మొదలైందని అంటారు. అంటే ఆ చిత్రమూ ఒక కాగితానికి జవాబే. ఆమె ప్రశ్న: చదవడానికి రాని రాత, చూపుని ఎలా కట్టి పడేస్తుంది?

గుడ్డ 90×60 సెం.మీ. మధ్యలో జాతకచక్రంలాగే చుట్టూ 12 గళ్లు, కానీ లోపల గ్రహాలకి బదులు బస్టాండు పలకల్లో ఉండే వరసలు.

మొదటి ప్రయత్నంలో మామూలు తెలుగు అక్షరాలు ఇష్టం వచ్చినట్టు కలిపి రాసింది. చూసినవాళ్లంతా చదవడం మొదలుపెట్టారు, “ఇది ‘కడవ’ కదా, పక్కది ‘పాల’ కదా” అని. చదివే కన్ను బొమ్మ చూడదు. రెండో ప్రయత్నం అక్షరాలు తిరగేసి రాయడం. అద్దంలో రాతని అందరూ ఇట్టే పసిగట్టారు, అదొక కిటుకై కూర్చుంది. మూడోసారి అక్షరాలు తీసేసి గుణింతపు గుర్తులూ ఒత్తులూ మాత్రమే ఉంచింది: తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, వట్రసుడి, కింద వేలాడే ఒత్తులు. అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ. తెలుగు చదివే కన్ను ఆ ఖాళీలో అక్షరం కోసం వెతుకుతుంది, దొరకదు, పక్క గుర్తుకి పోతుంది, అక్కడా దొరకదు. మలయాళీ చిత్రకారుడి పద్ధతికి తెలుగు లిపిలో దొరికిన జవాబు ఇది. గ్యాలరీ షీటులో “వేయకుండా వదిలేసింది” గడి నింపుకొచ్చినందుకు ఫలితం.

ఇక పనితనం. గాడా (ముతక నూలు) గుడ్డని రాత్రంతా నానబెట్టి, ఉతికి, గంజి పూర్తిగా పోగొట్టాలి. నీటి చుక్క వేస్తే వెంటనే ఇంకాలి, పూసలా నిలబడితే ఇంకా గంజి ఉన్నట్టు. కరక్కాయ పొడి 50 గ్రాములు అర లీటరు నీళ్లలో కలిపి వడగట్టి, అర లీటరు పచ్చి గేదెపాలు పోసి, గుడ్డని 20 నిమిషాలు ముంచి, సమంగా పిండి, ఎండలో ఆరేయాలి. గుడ్డ లేత పసుపు తిరుగుతుంది.

మొదటి గుడ్డకి పాకెట్టు టోన్డ్ పాలు వాడారు. గీత గీయగానే ఇరువైపులా మీసాలు మొలిచాయి, 2 మి.మీ. గీత 5 మి.మీ. అయింది. పాలలోని కొవ్వే దారాల మధ్య అడ్డుకట్ట. కొవ్వు తగ్గించిన పాలతో ఆ కట్ట చాలలేదు, కసిమి దారం వెంట పాకింది. గేదెపాలతో రెండో గుడ్డ వేశాక గీత గీతలా నిలిచింది. అయితే వాన వల్ల ఆ గుడ్డ ఒకటిన్నర రోజు తడిగానే ఉండి పులిసిన వాసన పట్టింది, ఒక మూల బూజు చుక్కలు తేలాయి. నవంబరులో ఈ పని పెట్టుకుంటే ఆకాశం చూసుకుని పొద్దున్నే ముంచాలి, మధ్యాహ్నం తర్వాత ముంచకూడదు.

కసిమిని 6వ రోజు ఒకసారి పరీక్షిస్తే బూడిదరంగే వచ్చింది, ఇనుము ఇంకా చాలినంత కరగలేదు. 19వ రోజుకి నలుపు నిండుగా వచ్చింది. సీసాలో చూస్తే అది ముదురు టీ నీళ్లలాగే ఉంటుంది. కరక్కాయ గుడ్డని తాకాకే నల్లబడుతుంది, కరక్కాయలోని వగరుకీ ఇనుముకీ కుదిరే రంగు అది.

కలం అంటే వెదురుపుల్ల. మొన దేలిన పుల్లకి కాస్త పైన గుడ్డపీలిక చుట్టి దారం బిగించాలి. ఆ చుట్టే సిరాబుడ్డి, వేళ్లతో నొక్కితే రంగు మొనకి దిగుతుంది. ముంచగానే గుడ్డ మీద పెట్టకూడదు, ముందు పాత పీలిక మీద ఒక గీత గీసి అదనపు చుక్క వదిలించాలి. ఒక ముంపుకి ఐదారు గుర్తులు వస్తాయి. తలకట్టు విరిగేచోట చెయ్యి ఆగితే అక్కడ బొట్టు పడుతుంది, అందుకే దాన్ని రెండు గీతలుగా, మధ్యలో కలం ఎత్తి గీయాలి. కొమ్ముకి ఇది తిరగబడుతుంది: చివరి వంపు దగ్గర చెయ్యి నెమ్మదించి రంగు కాస్త నిలిస్తేనే దాని బరువు దానికి వస్తుంది. ముందు గీత చింతపుల్ల బొగ్గుతో వేసుకుంటే తప్పు దులిపేయొచ్చు. కసిమి పడ్డాక దిద్దుబాటు లేదు.

మొదటి గుడ్డ మీద గీతలు ఆరాక ఉతకకుండానే ఒక మూల అక్రిలిక్ తెలుపు పలచగా వేసి చూశారు. పది నిమిషాల్లో గీతల చుట్టూ బూడిదరంగు మేఘాలు లేచాయి. కరక్కాయతో కలవకుండా మిగిలిన ఇనుము, రంగులోని నీళ్లతో పక్కకి పారి, అక్కడి కరక్కాయతో నల్లబడింది. శ్రీకాళహస్తివాళ్లు గుడ్డని పారే నీళ్లలో ఎందుకు జాడిస్తారో ఇక్కడ తెలిసింది. బకెట్టులో ఉతికితే అదే నీళ్లు మళ్లీ అంటుకుంటాయి, కుళాయి కింద పరిచి 15 నిమిషాలు వదలాలి. రెండో గుడ్డకి అలాగే చేశారు, మేఘాలు లేవు.

6వ వారం: మందపు రంగు, సన్న గీత

అకాడమీలో చూసిన ఒక తైలచిత్రంలో రంగు గట్లు కట్టి ఉంది, ఆ గట్లని అక్రిలిక్‌తో తేవాలన్నది ఇంకొకరి పని. ట్యూబు రంగు గట్టు కడితే మర్నాటికి కుంగిపోయింది. అక్రిలిక్‌లో నీరు పోయేకొద్దీ రంగు కుంచించుకుపోతుంది, నూనెరంగుకి ఆ కుంగుడు లేదు. సుద్దపొడి, అక్రిలిక్ మీడియం (రంగు కలపని అక్రిలిక్ జిగురు) సమంగా కలిపి పేస్టు చేసి 6 మి.మీ. ఒకేసారి పెడితే పైన పెచ్చు కట్టి లోపల తడి ఉండిపోయి, మూడో రోజుకి నెర్రెలు విచ్చింది. 2 మి.మీ. చొప్పున మూడు పొరలు, పొరకి పొరకి 48 గంటలు (ఎండాకాలమైతే 24 చాలు), అలా నిలిచింది. కత్తితో గట్టు ఎత్తాక మొనని తడి వేలితో తాకి కాస్త వంచాలి, లేకపోతే ముల్లులా నిలబడి తగిలినచోటల్లా విరుగుతుంది.

కాగితం మీద పనిచేసినవారు కె. రామానుజం కలం–సిరా చిత్రాలకి జవాబు వేశారు. 1973లో చిన్నవయసులోనే పోయిన చోళమండలం చిత్రకారుడాయన. నీడంతా గీతల రద్దీతోనే, ఎక్కడా సిరా పులమలేదు. మొదట 60×45 సెం.మీ. కాగితం తీసుకున్నారు. 10 సెం.మీ. చదరం నింపడానికి 50 నిమిషాలు పట్టింది. మొత్తం 27 చదరాలు, అంటే 22 గంటల పైచిలుకు. పైగా అలసిన చేతి గీత వేరేగా ఉంటుంది, మూడో గంట తర్వాతవన్నీ ఒకే వాలుకి పడిపోయాయి. 30×30 కి తగ్గించి రోజుకి రెండే చదరాలు. అది మంచి నిర్ణయం.

7వ వారం: పక్కపక్కన

పరీక్ష ఇలా: వేసినవారు మాట్లాడకూడదు. ఇంకొకరు ప్రశ్న పైకి చదివి, బొమ్మ చూసి, గ్యాలరీ షీటులోని ఏ కొలత ఇందులోకి దిగిందో చూపించాలి. పదింటిలో చూపించగలిగారు. రెండింటిలో లేదు. ఒకటి తిరుమల కొండల నీలం దృశ్యం, పనితనం బాగానే ఉంది, కింద “ప్రేరణ: ఫలానా చిత్రం” అని ఉంది. ఈ ప్రేరణ అనే మాట దుప్పటి లాంటిది, దేనిమీదైనా కప్పొచ్చు. షీటు తిరగేస్తే “నీలం చాలా బాగుంది” అన్న మాట, పక్కన 22, 23 అని రెండు నంబర్లు ఉన్నాయి. ఆ రెండు నంబర్లే దారి. కొండలు తీసేసి, ఆ రెండు నీలాలూ ఒకదాన్నొకటి తాకే అంచు మీదే బొమ్మ మళ్లీ మొదలైంది: ఎక్కడ అంచు కనపడుతుంది, ఎక్కడ కరిగిపోతుంది. రెండోదాని షీటులో నంబరు కూడా లేదు. ఫోనులో ఫోటో ఉంది. అది ప్రదర్శనకి పెట్టలేదు.

8వ వారం: గోడకి

బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145 సెం.మీ. ఎత్తులో, అన్నింటికీ ఒకటే. దీపం పైనుంచి వాలుగా. మందపు రంగు బొమ్మకి మాత్రం పక్క నుంచి, గోడకి దాదాపు ఆనుకుని, లేకపోతే గట్ల నీడే పడదు, దాని ప్రశ్నే కనపడదు. గుడ్డలకి మేకులు కొట్టకూడదు, కసిమి పడ్డచోట దారం కొంత పెళుసుగా ఉంటుంది. పైన 4 సెం.మీ. గొట్టంలా కుట్టి కర్ర దూర్చి, కింద సన్న కర్ర బరువుకి. గోడకి 2 సెం.మీ. ఎడం వదలాలి, వానకి చెమ్మెక్కిన గోడ తగిలితే ఆ పాల గుడ్డకి మళ్లీ బూజే. దించాక మడత పెట్టొద్దు, చుట్టాలి.

కుండలో ఒకటిన్నర లీటరు కసిమి మిగిలింది. అడుగున ఎర్రమడ్డి దిగకముందే వడగట్టి, నిండుగా, గాలి లేకుండా సీసాలో పోశాం. ఇనుప ముక్కలు కుండలోనే ఉన్నాయి. 2 లీటర్ల నీళ్లు, 200 గ్రాముల బెల్లం పోసి మళ్లీ గుడ్డ కట్టాం, తర్వాతి బ్యాచికి.